బొగ్గు కోసం కుట్టు మిషను

బుజ్జీ,

చీకటి పడకముందే బొగ్గును బయట తిప్పుకుని రా. గొలుసు చేతికి చుట్టుకో. తరువాత తలుపులూ కిటికీలూ మూసి, దాన్ని మధ్యగదిలో ఉంచు. ఏ మూలనైనా దాక్కుంటే బయటికి లాగకు.

ఈ రాత్రి క్రికెట్ మ్యాచ్ మనవాళ్ళు గెలిస్తే వీధంతా టపాసులే. పోయినసారి ఆ వేడుక చూడ్డానికి నువ్వే తలుపు బార్లా తీశావు. అది హడలి పారిపోతే, "కుక్కే కదా వదినా, అదే వస్తుందిలే" అన్నావు. మర్నాడు కాలు చీరుకుపోయి మురుగుకాలువలో దొరికింది. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

నిన్నేమో మీ అన్నయ్య కుట్టు మిషను వరండాలోకి ఈడ్చేశావు. "ఇంక కుట్టేదెవరు?" అట! నన్నొక్క మాట అడగవా? ఆయన బతికున్నన్నాళ్ళూ, టపాసులు పేలినంతసేపూ ఆ మిషను తొక్కుతూ కూర్చునేవారు. ఆ చప్పుడుకి బొగ్గు దాని కిందే నిద్రపోయేది.

మిషను లోపల పెట్టు. దారం ఎక్కించనక్కర్లేదు. టపాసులు ఆగేదాకా తొక్కు. స్నేహితులు పిలిచినా లేవకు.

బడికి వెళ్తున్నాను. పేపర్లు దిద్దడం అయ్యాకే వస్తాను.

వదిన

నేనే ఉండి తొక్కొచ్చుగా అంటావేమో. నిన్న వరండాలో మిషను ముందు కూర్చున్నాను. బొగ్గు వచ్చి మిషను కింద పడుకుంది. నా కాలు కదల్లేదు.