నా చేతికి పడ్డ మార్కులు

పునరావాస వైద్య విభాగపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఇంటి నుండి కంప్యూటర్ ద్వారా చేయించు వ్యాయామ చికిత్సలో, మా పాపకు "నయమైనది" అని రాసిన మాటను కొట్టివేయుట గురించి.

దర్జీ పని చేసుకొని బతుకు నేను విన్నవించుకొనునది:

1. మా పాపకు ఏడేళ్లు. సెరిబ్రల్ పాల్సీ వల్ల ఎడమ చేయి బిగుసుకొని ఉండును. వారానికి రెండుసార్లు మీ ఆసుపత్రిలో ఫిజియో మేడం ఆ చేయి పట్టి వ్యాయామం చేయించేవారు. ఈ ఏడాది తమరు ఒక వెబ్‌సైట్ ఇచ్చి, రోజూ ఇంట్లోనే కెమెరా ముందు ఆ చేతితో తెర మీది బుడగలు పగలగొట్టి మార్కులు తెచ్చుకొనవలెనని, ఆసుపత్రికి ఆరు నెలలకొకసారి వస్తే చాలునని సెలవిచ్చితిరి. "మీరేం కంగారు పడకండి, ప్రతి వీడియో నేనే చూస్తాను" అన్నారు మేడం. నమ్మితిమి.

2. ఆ మాట పట్టుకొని పాప జడ వేయించుకొంటే గానీ కెమెరా ముందు కూర్చునేది కాదు. నొప్పికి కళ్లనీళ్లు తిరిగినా, "మేడం చూస్తున్నారు, ఏడిస్తే బాగోదు" అనేది.

3. వరుసగా మూడు రోజులు మానితే పేరు తీసివేయుదురని నిబంధన. పాపకు పది రోజులు జ్వరం వచ్చినది. తప్పు నాదే, ఒప్పుకొనుచున్నాను: ఆ పది రోజులూ నేనే కూర్చొని నా ఎడమ చేతితో బుడగలు పగలగొట్టితిని. మేడం చూసి చీవాట్లు పెడితే కాళ్లావేళ్లా పడదామనుకున్నాను. నాలుగో రోజున మేడం పేరుతో సందేశం వచ్చినది: "శభాష్ బంగారుతల్లీ! నీ చేయి ఎంత బాగా లేస్తోందో చూశాను." అయ్యా, నాకు గుబురు మీసాలున్నవి. ఏ కళ్లతో చూశారండీ?

4. పదకొండో రోజున "నయమైనది. లక్ష్యం పూర్తి, ఇక ఆసుపత్రికి రానక్కరలేదు" అని ఉత్తర్వు వచ్చినది. పాపను ఎత్తుకొని పరుగెత్తితే, కౌంటర్‌లో గుమాస్తా తెర మీద నుంచి చూపు తిప్పకుండానే, "వీడియోలు చూడ్డానికి మనుషులెక్కడున్నారండీ? మార్కులూ మెసేజీలూ అన్నీ మెషినే. ఆ మేడం బదిలీ అయి నాలుగు నెలలైంది" అన్నాడు. పాప వింటూనే ఉంది. చేయి ఛాతీకి అంటుకుపోయి ఉంది. అతను ఒక్కసారి తలెత్తితే కనిపించేది. ఎత్తలేదు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కదా!

ఆ రోజు నుంచి పాప జడ వేయించుకోవడం లేదు, కెమెరా ముందుకు రావడం లేదు. చేయి వారం వారం ఇంకా ముడుచుకుపోతోంది. కావున నా మోసానికి శిక్ష నాకు వేసి, పాపను మరల ఆసుపత్రి చికిత్సలో చేర్చుకొనవలెను. ఈ మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పాప తండ్రి

తా.క.: ఇది రాస్తుంటే పాప అడిగింది, "ఆఫీసరు గారు నిజం మనిషేనా నాన్నా?" అని. కనుక్కొని చెప్తానన్నాను. దయచేసి రసీదు ముద్ర కొట్టి పంపకండి. మీ చేత్తో ఒక్క ముక్క రాయండి.