టీవీ ఆగిపోవడానికి కారణం

వేణూ,

నిఖిల ఆటల కోసం హాలులోని టీవీకి కంప్యూటర్ తగిలించినందువల్లే అది మాటిమాటికీ ఆగిపోతోందని ఇంట్లో అందరూ నమ్ముతున్నారు. నేను వికారాబాద్ వెళ్లి వచ్చేదాకా ఆ కంప్యూటర్‌ను దుకాణంలో తిరిగి ఇచ్చేయవద్దు. "నేనేం జెయ్యలే తాత, జర డాడీకి చెప్పు" అని పిల్ల పొద్దున ఏడ్చింది. విచారించకుండానే శిక్ష వేశావు.

ఊళ్లో నాపరాళ్లు కోసే దుమ్ము పడకుండా మీ అమ్మ టీవీకి కప్పిన గుడ్డను, చూసేటప్పుడు వెనక్కి మడిచి మనమే దాని వెనకున్న గాలిరంధ్రాలు మూసేస్తున్నాం; టీవీ వేడెక్కి ఆగిపోతోంది. "ఇన్నేండ్లు దయ్యాలు లేవంటివి, ఇప్పుడు నా గుడ్డ దయ్యమైందా?" అంటోంది ఆమె. గుడ్డను దాచాను, వెతకవద్దు.

నాన్న

తా.క.: నిన్న కంప్యూటర్ లేకుండా, గుడ్డ ఉంచి నడిపితే సీరియల్ మధ్యలోనే టీవీ ఆగిపోయింది. గుడ్డ తీసి, కంప్యూటర్ తగిలిస్తే సాయంత్రం దాకా ఆగలేదు.