మీ వాట్ మీటర్ లలితకిచ్చాను

ఏమండీ,

మీరు పోయాక మొదటిసారి ఈరోజు మీ బీరువా తీశాను. కోప్పడటానికి మీరెలాగూ రారు.

కంకిపాడు షెడ్డులో మన మనవరాలు లలిత తన చేత్తో తీగ చుట్టి రీవైండింగ్ చేసిన మొదటి ట్రాన్స్‌ఫార్మర్‌ని పరీక్షించింది. అది చెడితే ఇంకెవరూ దానికి పనివ్వరు. లోడు లేకుండా కరెంటిస్తే వాట్ మీటర్ ముల్లు కదిలీ కదలనట్టుంది.

“మీటరే చచ్చిందమ్మాయ్. నా ట్రాన్స్‌ఫార్మర్‌ని పామర్రు షాపుకి పట్టుకుపోతా,” అన్నాడు రైస్ మిల్లు ఓనరు.

“చావలేదు బాబాయ్‌గారూ. లోడు లేనప్పుడు తీసుకునే కరెంటు చాలావరకు ఇనుములో అయస్కాంతాన్ని నిలపడానికే. నిజంగా ఖర్చయ్యేది కాస్తే. ఆ ఖర్చయ్యే పాలు, అదే పవర్ ఫ్యాక్టర్, ఇంత తక్కువైతే ఈ మీటరు సరిగా చూపించదు. దానికి తాతయ్య మీటరు వేరే ఉంది,” అంటూ లలిత నా వైపు చూసింది.

మీరు ఎవర్నీ ముట్టుకోనివ్వని మీటరది. దాని దగ్గర నన్ను తుమ్మనిచ్చేవారు కూడా కాదు. బీరువాలోంచి తెచ్చి ఇచ్చేశాను.

ఈసారి ముల్లు కదిలింది. ఇనుములో నష్టం ఉండవలసినంతే ఉంది.

“అయితే బండెక్కించమ్మా,” అన్నాడాయన.

పనయ్యాక లలిత మీటరు అద్దాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచింది. దానిమీద మీ వేలిముద్రలున్నాయని చెప్పబోయి, ఊరుకున్నాను.