గాలిమర కింద అవ్వ

బాపూ,

నువ్వు పోయిన ఇన్నేళ్లకు అవ్వ మొన్న గాలిమర దగ్గరికి వచ్చింది. దొర తోటలో బావి నీళ్లు తోడిన ఆ ఇనుప గాలిమర తుప్పుపట్టి కూలిపోతుందనుకున్నాం. ఇప్పుడు దాన్ని బాగుచేసి రంగులేశారు. చుట్టూ కంచె వేసి, టికెట్ల కిటికీ, టాయిలెట్లు, చాయ్ దుకాణం కట్టారు. లింగాల ఘనపూర్ నుంచి ఆటోలో పోయాం.

బోర్డు మీద దొర ఫోటో ఉంది. గాలిమరను ఎంత దూరం నుంచి తెప్పించాడో రాశారు. రోజూ పైకెక్కి నూనె పోసిన నీ పేరు లేదు. టికెట్లిచ్చే అబ్బాయిని అడిగితే, "నాకు తెల్వదక్కా, రాసిచ్చిందే పెట్టినం" అన్నాడు. నీ పేరు చీటీ మీద రాసిచ్చాను. జేబులో పెట్టుకున్నాడు.

ఇంతలో అవ్వ చాయ్ దుకాణం ముందున్న కుర్చీని పక్కకు జరిపి నేల మీద కూర్చుంది. అది చూసి అతను వచ్చాడు.

"కుర్చీ ఉంది గదా అవ్వా, కింద కూసున్నవేంది?"

"నా పెనిమిటి, ఈ పిల్ల బాపు, పైకెల్లి గీడనే పడ్డడు బిడ్డా. ఆ దినం దొర నన్ను దగ్గరికి రానియ్యలే. నీళ్లు ఆగొద్దని ఇంకోన్ని ఎక్కిచ్చిండు. జరసేపు కూసుంటె లేస్త."

చాయ్ తాగుతున్నవాళ్లు కప్పులు పట్టుకుని అవతలికి జరిగారు.

అక్కడ నేలంతా కొత్త బండలు పరిచారు బాపూ. అవ్వ వాటిని అరచేత్తో తడుముతూ నన్నడిగింది.

"గీడి మట్టి ఏడ వోసిండ్రే?"