ఏ దేశపు షిల్లింగు?

ఆగస్టు 1, మచాకోస్

కొత్త పుస్తకం కొన్నాను. రెండు పెన్నులు కూడా. ఖర్చుకి ఎర్రది, మిగులుకి నీలిది. ఈ పుస్తకం నా జీవితాన్నే మార్చేయబోతోంది!

నేనూ, నా స్నేహితురాలు జెబెట్, వీపున చెరో సంచి తగిలించుకుని రెండు వారాల్లో నాలుగు దేశాలు తిరిగొస్తాం. మా కెన్యాలో బయల్దేరి ఉగాండా, రువాండా, టాంజానియా చుట్టి మళ్లీ ఇంటికి. ఇద్దరికీ కలిపి డెబ్బై వేల షిల్లింగులు. ఖజానా నా చేతిలోనే ఉంటుంది. జెబెట్ చేతిలో పెడితే సాయంత్రానికల్లా అది తిండైపోతుంది.

అన్నయ్య క్యాలోకి చెప్పాను. వాడి ఇనుప సామాన్ల కొట్లో మేకులు తూస్తూ తల కూడా ఎత్తలేదు.

"నువ్వు? లెక్క ప్రకారం ఖర్చు పెడతావు? రెండో దేశం దాటకుండానే అన్నయ్యా డబ్బులూ అని ఫోన్ చేస్తావు చూడు."

"చస్తే చెయ్యను."

"చెయ్యకపోతే కొట్టు ముందు గది నీదే. పెట్టుకో నీ ట్రావెల్స్ ఆఫీసు. చేశావో, ఏడాదిపాటు ఇక్కడ కూచుని మేకులు తూచాలి."

"సరే!"

"ఆగు. డబ్బు అనే మాటే రానక్కర్లేదు. వానల సంగతి అడిగినా ఓడిపోయినట్టే."

ఇది దొంగదెబ్బ. మా చుట్టాల్లో ఎవరూ డబ్బు కావాలని నోరు తెరిచి అడగరు. ఫోన్ చేసి, "అక్కడ వానలెలా ఉన్నాయి?" అంటారు. వెంటనే పంపించెయ్యాలి. పైగా ఆగస్టులో మచాకోస్‌లో చుక్క రాలదు. ఈ నెలలో వానల గురించి అడిగేవాడికి కావలసింది వాన కాదని ఊళ్లో అందరికీ తెలుసు.

ఇంకో వింత. వానలో పుట్టానని నాకు ముంబువా అని పేరు పెట్టింది అమ్మ. అన్నయ్య దారిలో, బస్సులో పుట్టాడు కాబట్టి క్యాలో, అంటే ప్రయాణం. ఆ ప్రయాణంగారు ఇంతవరకు నైరోబీ దాటి ఎరగరు!

నియమాలు:
1. రోజుకి ఇద్దరికీ అయిదు వేలు. ఒక్క షిల్లింగు కూడా దాటకూడదు.
2. తిన్న ప్రతి వేరుశనగ గింజా పద్దులో ఎక్కాలి.
3. ఎవరికీ ఏమీ కొనకూడదు. అమ్మకి కూడా!
4. వానల ఊసు ఎత్తకూడదు.

ఆ ముందు గది నాకు కావాలి. చాలా కావాలి. బోర్డు కూడా ఊహించేసుకున్నాను. ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు: ముంబువా ట్రావెల్స్.

ఆగస్టు 3, బస్సులో

నైరోబీ నుంచి కంపాలాకి టికెట్లు రెండు, 5,600. నకూరులో కిటికీలోంచి మొక్కజొన్న పొత్తులు, 100. జెబెట్ మూడో పొత్తు అడిగింది. పుస్తకం చూపించాను. మొహం ముడుచుకుంది.

సరిహద్దులో గుర్తింపు కార్డు చూపించి నడిచి దాటేశాం. డబ్బు మార్చుకున్నాం. ఎంత లావు కట్ట ఇచ్చారో! జెబెట్ దాన్ని తలకింద దిండులా పెట్టుకుని పడుకుంది.

నేను పుట్టిందే జమాఖర్చులు రాయడానికి.

ఆగస్టు 4, కంపాలా, సాయంత్రం

సర్వనాశనం!!!

బస్సు 5,600. పొత్తులు 100. మోటారు సైకిళ్లు 10,000. చపాతీలో గుడ్డట్టు చుట్టి ఇచ్చే రోలెక్స్‌లు నాలుగు, 12,000. మంచినీళ్లు 2,000. బసలో రెండు మంచాలు, 60,000.

మొత్తం 89,700 షి.

ఉన్నదే డెబ్బై వేలు! రెండో రోజుకే పంతొమ్మిది వేల ఏడొందలు అప్పు! ఎవరికి అప్పు పడ్డానో కూడా తెలియదు. మంచం మీద కూచుని ఏడ్చాను. కళ్లముందు మేకులు కనిపించాయి. అరంగుళం, అంగుళం, రెండంగుళాలు.

జెబెట్ రోలెక్స్ నములుతూ వచ్చింది. అది అయిదోది. పద్దులో లేదు.

"ఏమైందే?"

"మనం అయిపోయామే జెబెట్. రేపే తిరిగెళ్లిపోవాలి."

పుస్తకం లాక్కుని చూసింది. చూసి, చూసి, నవ్వడం మొదలుపెట్టింది. నమిలేది కూడా బయటికొచ్చింది.

"ఒసేయ్ పిచ్చిమొహమా! ఇవి ఉగాండా షిల్లింగులే! ఇరవై ఎనిమిది ఇస్తే మనది ఒకటి! నువ్వు వాటినీ మనవాటినీ కలిపి కూడేశావు!"

మళ్లీ లెక్కేశాను. మొత్తం 8,700. మావి.

అన్నిచోట్లా షిల్లింగు అనే ఒకే పేరు పెట్టింది ఎవరో గానీ, వాళ్లు ఎప్పుడూ పద్దు రాసి ఉండరు.

ఆగస్టు 5, కంపాలా

నిన్న ఎనభై ఒక్క వేలు పోయాయనుకున్నాం. పోలేదు. అంటే ఒక రకంగా ఎనభై ఒక్క వేలు ఆదా చేసినట్టే. ఇంత ఆదా చేసినవాళ్లు కాస్త పండగ చేసుకోవడంలో తప్పేముంది?

సరస్సు ఒడ్డున కాల్చిన పెద్ద చేప. రెండు.

అమ్మకి ఒక గోమెసి. భుజాలు కోడిపుంజు రెక్కల్లా పైకి లేచి నిలబడే ఉగాండా చీర అది. అమ్మ చర్చికి కట్టుకెళితే వెనక వరసలో వాళ్లకి పాస్టర్ కనిపించడు. నాలుగు వేల మూడొందలు, మావి. మూడో నియమం గుర్తుంది. కానీ ప్రయాణం చేసొచ్చినవాళ్లని మా ఊళ్లో అడిగే మొదటి మాట "మాకేం తెచ్చావు?" దానికి జవాబు లేకుండా గుమ్మం ఎలా ఎక్కడం? అది ఖర్చు కాదు, బాధ్యత. బాధ్యతలు పద్దులో రాయనక్కర్లేదు.

ఆగస్టు 8, కిగాలీ

ఇక్కడ ఫ్రాంకులు. హమ్మయ్య, పేరైనా వేరు!

సరిహద్దులోనే ఒక దెబ్బ తగిలింది. రువాండాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం. జెబెట్ వేరుశనగల సంచి తీసి పక్కన పెట్టించేశారు. గింజలన్నీ టోపీలో పోసుకుని దేశంలో అడుగుపెట్టింది.

"ఇలా టోపీ పట్టుకు తిరిగితే అడుక్కుంటున్నాననుకుంటారే," అంది.

నిజంగానే ఒకాయన అందులో వంద ఫ్రాంకులు వేశాడు. జమలో రాశాను, నీలి పెన్నుతో. పద్దులో ఇదే మొదటి ఆదాయం!

ఆ తర్వాత మూతా గీతా ఉన్న మంచి అల్లిక బుట్ట ఒకటి కొన్నాం. జమకి ఎనభై రెట్లు. చట్టాన్ని గౌరవించాలి కదా. ఒకటి కొంటే రెండోది తగ్గించి ఇస్తానంది బుట్టలావిడ. చట్టాన్ని రెండుసార్లు గౌరవించాం.

ఎర్ర పెన్ను సగం అయిపోయింది. నీలిది కొత్తగానే ఉంది.

ఆగస్టు 11, మ్వాంజా, టాంజానియా

మళ్లీ షిల్లింగులు! ఈసారి మోసపోను. అన్నీ ఇరవై ఎనిమిదితో భాగించి రాస్తున్నాను. టాంజానియా ఎంత చవకో! అందరూ ఇక్కడికి ఎందుకు రారో అర్థం కావడం లేదు.

వేడినీళ్లొచ్చే గది తీసుకున్నాం. వేయించిన చేప, కొబ్బరి అన్నం. అన్నయ్యకి చొక్కా ఒకటి, వాడు ఓడిపోతాడు కదా, పాపం, కాస్త ఊరటగా ఉంటుందని.

టికెట్ల కిటికీ దగ్గర బస్సు ఎన్నింటికని అడిగాను. కిటికీలో పెద్దాయన చెయ్యి గుండెమీద పెట్టుకున్నాడు.

"కెన్యా నుంచా తల్లీ?"

"ఎలా కనిపెట్టారు బాబాయ్?"

"నమస్కారం లేదు, క్షేమమా అని లేదు. మీవాళ్లు స్వాహిలీ మాట్లాడుతున్నారో, పోట్లాడుతున్నారో తెలీదమ్మా."

వెనక్కెళ్లి, మళ్లీ వచ్చి, నమస్కారం పెట్టి, ఆయన క్షేమం, ఇంట్లోవాళ్ల క్షేమం, మేకల క్షేమం అడిగాను. అప్పుడు చెప్పాడు.

ఆగస్టు 13, మ్వాంజా

టాంజానియా షిల్లింగులు ఇరవై ఎనిమిది కాదు. ఇరవై ఇస్తే మాది ఒకటి.

ఇరవై ఎనిమిది ఉగాండాది.

మూడు రోజులుగా ఉగాండా లెక్కతో టాంజానియాలో బతికాను. జెబెట్ ఈసారి నవ్వలేదు. అదే భయంగా ఉంది.

ఉన్నవి: తొంభై వేలు, ఇక్కడివి. ఇద్దరం నైరోబీ చేరాలంటే: లక్షా నలభై వేలు, ఇక్కడివే. గది ఖాళీ చేశాం. బస్టాండులో ఉన్నాం.

బుట్టలు అమ్మడానికి చూశాను. ఒకామె బుట్ట తిప్పి చూసి, "మూత బిగుతుగా ఉంది," అని వెళ్లిపోయింది. గోమెసి చూపిస్తే చేపలమ్మే ఆవిడ అది భుజాన వేసుకుని నాలుగడుగులు నడిచి చూపించింది. బజారంతా పగలబడి నవ్వింది. తిరిగిచ్చేసింది.

"మీ అన్నకి చెయ్యవే," అంది జెబెట్.

"ఆ గది పోతుందే."

"గది తర్వాత. ముందు పొద్దుటినుంచి నేను అరటిపళ్లమీద బతుకుతున్నా."

నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఎంత ఊహించుకున్నానో ఆ బోర్డు! ఫోన్ చెయ్యకుండా ఒక్కసారి మోగించి పెట్టేశాను. చెయ్యలేదు కదా, మోగించానంతే. వెంటనే అన్నయ్యే చేశాడు.

"ఏంటి మోగించావు?"

"వేలు తగిలింది."

"ఓహో. ఎలా ఉన్నావు?"

"బ్రహ్మాండంగా. అమ్మెలా ఉంది? కొట్టెలా ఉంది? మేకులెలా ఉన్నాయి?"

"మేకులకేం, నీకోసం ఎదురుచూస్తున్నాయి. ఇంకేమైనా ఉందా? పెట్టెయ్యనా?"

జెబెట్ నా మోచెయ్యి గిల్లింది. గట్టిగా.

"అన్నయ్యా..."

"ఊఁ?"

"అక్కడ... వానలెలా ఉన్నాయి?"

అవతల త్రాసు పళ్లెంలోంచి మేకులు గలగలా కింద పడిన చప్పుడు. వాడు నవ్వు ఆపుకోలేక పట్టు తప్పాడన్నమాట.

"ఆగస్టులోనా చెల్లాయ్!"

క్షణాల్లో ఫోన్‌కి అయిదు వేలు వచ్చాయి. మావి. సిగ్గేసింది. కోపం వచ్చింది. ఆ తర్వాత ఇద్దరం కడుపునిండా తిన్నాం. అది కూడా రాసేస్తున్నాను, దాచడం ఎందుకు.

ఆగస్టు 18, మచాకోస్

మేకులు. కిలో, అరకిలో, పావుకిలో. చొక్కా వేసుకుని కొట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు అన్నయ్య. ఓడిపోతే ఊరటకని తెచ్చిన చొక్కా!

టాంజానియాలో ధరలు ఎక్కువని మాత్రం చెప్పాను. ఇరవై, ఇరవై ఎనిమిది సంగతి చచ్చినా చెప్పను. జెబెట్ చేత కూడా ఒట్టు వేయించుకున్నాను.

ఆగస్టు 27, మచాకోస్

కొట్టుకి మేకులకోసం వచ్చినవాళ్లు మేకులు మానేసి కిగాలీ గురించి అడుగుతున్నారు. సరిహద్దు ఎలా దాటాలి, మంచం ఎంత, ఆ గుడ్డట్టు చపాతీ రుచెలా ఉంటుంది. ఇవాళ తలుపు బందులు కొనడానికొచ్చిన టీచరమ్మ గంటసేపు విని, బందులు మర్చిపోయి వెళ్లింది.

అన్నయ్యకి ఇది గిట్టలేదు.

"నాలుగు దేశాలట! అంత డబ్బు పోసి అడ్డమైన గడ్డీ కొనుక్కొచ్చింది. నేనైతే ఇద్దరికి నాలుగు రోజులకి ముప్ఫై వేలు దాటనిస్తానా?"

"అయితే రా," అన్నాను. "కంపాలా వెళ్దాం. పద్దు నువ్వే రాయి. డబ్బు కావాలని ఎవరికీ ఫోన్ చెయ్యకూడదు."

"చేస్తే?"

"ముందు గది నాది."

అమ్మ గోమెసి కట్టుకుని గుమ్మంలో పక్కకి తిరిగి లోపలికొచ్చింది. ఎదురుగా వస్తే భుజాలు పట్టవు.

"వానల మాట ఎత్తినా ఓడినట్టేరా క్యాలో," అంది.

"నేనా? వానలా? హహ!"

సెప్టెంబర్ 7, కంపాలా, సాయంత్రం

కొత్త పుస్తకం, అన్నయ్యది. నియమాలు పదకొండు. మొదటిది: ఒక్క షిల్లింగు కూడా దాటకూడదు.

సరిహద్దులో అన్నయ్య టీ తాగుతుంటే డబ్బు నేనే మార్చాను. దారంతా నేనే చెల్లించాను. సాయంత్రం మంచం మీద కూచుని నేను చెప్పాను, వాడు రాశాడు. బస్సు 5,600. మోటారు సైకిళ్లు 10,000. రోలెక్స్‌లు, వాడివి అయిదు, నాది ఒకటి, 18,000. మంచాలు 60,000. అన్నీ షిల్లింగులే. నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

వాడు కూడాడు. మళ్లీ కూడాడు. కింద నుంచి పైకి కూడాడు.

93,600 షి.

"ముంబువా," అన్నాడు. "మనం... రోలెక్స్ తినకుండా ఉండాల్సింది."

జాలేసింది. చెప్పేద్దామనే నోరు తెరిచాను. నిజంగా తెరిచాను! అంతలో ఆగస్టు 13న రాలిన మేకుల చప్పుడు గుర్తొచ్చింది. మూసేశాను.

ప్రయాణంలో పుట్టినవాడు లేచి, ఫోన్ తీసుకుని, వరండాలోకి వెళ్లాడు. చాలాసేపు అమ్మ క్షేమం అడిగాడు. కోళ్ల క్షేమం అడిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు. కానీ తలుపు సరిగా పడదు ఇక్కడ.

"అమ్మా... అక్కడ వానలెలా ఉన్నాయి?"

అమ్మ నవ్వు ఫోన్‌లోంచి గదిలోకి వినిపించింది.

వాడు లోపలికొచ్చాక చెప్పాలి, ఇరవై ఎనిమిది సంగతి. ముందు ఈ పేజీ అవ్వనీ.

కొత్త లెక్క, రేపటి నుంచే! ముంబువా ట్రావెల్స్. బోర్డు, ఆకుపచ్చది: 4,000. కుర్చీలు రెండు: 3,000. బల్ల: 5,000. మొత్తం 12,000, కెన్యావి, కింద రెండు గీతలు గీశాను. ఒక్క షిల్లింగు కూడా దాటనివ్వను.

అమ్మకి ఇంకో గోమెసి. నీలిది. అది ఖర్చు కాదు.