చెయ్యెత్తని దీవెన

మార్తక్కకు,

మస్కట్ నుంచి తమ్ముడు ప్రభుదాసు వందనాలు. ప్రభువు దయవల్ల నేను బాగానే ఉన్నాను. పిల్లలు బడికి పోతున్నారా? ముందు బాపు ఎలా ఉన్నాడో చెప్పు. ఫోన్ చేద్దామంటే అది బాపు మంచం పక్కనే మోగుతుంది. పైగా నిన్నటి నుంచి ఫోన్ పట్టాలంటేనే భయంగా ఉంది. కోరుట్ల సాయిలు ఈ రాత్రి విమానానికి వస్తున్నాడు, అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నువ్వొక్కదానివే చదువు. ఖర్జూరాలు కూడా పంపాను, షుగరున్న బావకు కనపడకుండా దాచు.

పనికి ఇబ్బంది లేదు. ఎండ మాత్రం మాడ్చేస్తోంది. అన్నం తింటున్నాను, నీ మామిడికాయ తొక్కు లేనిదే ముద్ద దిగదు, సాయిలు తిరిగి వచ్చేటప్పుడు పంపు. మా చర్చిలో హాలు ఒక్కటే, గంటకో సంఘం వస్తుంది. ఊడ్చడం, అయ్యగార్ల గది తలుపుకు పేరు పలక మార్చడం నా పని. కేథలిక్కులకు ఫాదర్, ఆయనకు పెళ్ళి లేదు. మలయాళీల అచ్చన్‌కు భార్యాపిల్లలున్నారు. ఈజిప్టు వాళ్ళ అబూనాకు బారెడు గడ్డం. మనవాళ్ళకు పాస్టరయ్య. ఫాదరన్నా, అచ్చన్ అన్నా, అబూనా అన్నా 'బాపు' అనే అర్థమట. అది తెలిసి నాకు ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్ళు ఊరి సంఘాన్ని కాచిన మన బాపు మాత్రం అభిషేకం లేని ఉత్త 'ఉపదేశి'. ఆ పేరు పలక నా పలకల పెట్టెలో లేదు.

రెండు నెలల కింద, శుక్రవారం మధ్యాహ్నం, ఒక ముసలాయన తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఇయ్యాల ఎవలున్నరు కొడుకా?"

"పాస్టరయ్య ఉన్నడు తాతా."

"గాయన గాదు. నాకు ఉపదేశి గావాలె."

అని వెళ్ళిపోయాడు. కార్పెట్ మీద ఎర్రమన్ను మిగిలింది. ఇక్కడ ఎటు చూసినా ఇసుకే. వాచ్‌మన్‌ను అడిగితే గేటులోంచి ఎవరూ రాలేదన్నాడు. మూడు వారాలు అదే ప్రశ్న, అదే మన్ను. నాలుగో వారం ఏ ఊరని అడిగాను.

"బుగ్గారం. కొమురయ్యను. మీ బాపే నన్ను మట్టి జేసిండు. పాట వాడిండు, వాక్యం జదివిండు. చెయ్యెత్తకుండనే ఇంటికి వోయిండు."

ఆయన్ను మట్టి చేసిన నాడు, వాగు పొంగి జగిత్యాల పాస్టరయ్య రాలేకపోయిన ఆ వాన నీకు గుర్తుందా? అభిషేకం పొందినవాళ్ళే చెయ్యెత్తి దీవించాలి, ఉపదేశి చేతులు కట్టుకునే ముగించాలి. బాపు ఆ నియమం ఏనాడూ దాటలేదు. ఇప్పుడు మంచంలో "కొమురయ్యకు చెయ్యెత్తకపోతి" అని కలవరిస్తున్నాడని నువ్వే కదా ఫోన్‌లో ఏడ్చావు.

నేను ఊడ్చేవాణ్ణి, నాకేం అధికారం ఉంది? అయినా చీపురు గోడకు ఆనించి, కుడిచెయ్యి ఎత్తి, పాస్టరయ్య చెప్పే దీవెన మాటలే చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నాడు. మళ్ళీ రాలేదు. ఈ మాట ఎవరితోనూ అనలేక తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. బాపుకు మాత్రం చెప్పు, కొమురయ్య బాధ తీరిందని.

తర్వాతి వారం ముగ్గురొచ్చారు. ఆ పైవారం ఐదుగురు. అందరి మాటా మన మాటే, అందరి కాళ్ళకూ ఎర్రమన్నే. అందరికీ చెయ్యెత్తాను. మెల్లగా భయం కూడా పోయింది.

నిన్న ఒక్కడే వచ్చాడు. ఎండకు అడ్డంగా నిలబడ్డాడు, మొహం కనపడలేదు. చంకలో ఆకుపచ్చ గుడ్డ చుట్టిన బైబిలు. మూలన నువ్వు తెల్లదారంతో వేసిన కుట్టు చూశాను అక్కా. కాళ్ళకు ఇంకా మన్ను లేదు. ఏమీ అడగకుండా తల వంచాడు.

నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. "ఇంటికి పో బాపూ" అన్నాను. బైబిలు చంకలో సర్దుకుని వెళ్ళిపోయాడు.

పెద్దమ్మకు, సంఘం పెద్దలకు నా వందనాలు. శుక్రవారానికి ఇంకా ఆరు రోజులుంది. బాపును లేపి కూర్చోబెట్టు. చెయ్యెత్తి నిన్నూ పిల్లలనూ దీవించమను, ఏ పాస్టరయ్య ఏమన్నా సరే. తర్వాత ఆ చెయ్యి మస్కట్ వైపు తిప్పి నన్నూ దీవించమను. ఆయన చెయ్యి ఎత్తాడని నువ్వు చెప్పేదాకా, మళ్ళీ వచ్చి తల వంచినా సరే, నేను నా చెయ్యి ఎత్తను.

నీ తమ్ముడు,
ప్రభుదాసు