చివరి పేజీలు ఊడిన పుస్తకాలు

రాజమహేంద్రవరం,
14 జూలై 2025, సోమవారం.

రామతులసి గారికి,

నమస్కారాలు. మీకు నేను తెలియను. మీరు ఆరోగ్యంగా ఉన్నారనుకుంటూ రాస్తున్నాను.

ఈ రోజు మొదటి ఆశ్చర్యం ఉదయం ఏడింటికే వచ్చింది. మీ తమ్ముడు మురళీకృష్ణ మాస్టారి గుమ్మం ముందు ప్రెస్ బుజ్జిబాబు గారు స్కూటర్ ఆపి, ఎప్పటిలాగే “మాస్టారూ, ప్రూఫులొచ్చాయండోయ్!” అని కేకేశారు. కేకేశాక గుర్తొచ్చింది ఆయనకి. తొమ్మిది రోజుల క్రితం పాడె మోసిన నలుగురిలో ఆయనొకరు. హెల్మెట్ తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశారు. నాకేమీ అనిపించలేదు. ప్రూఫులు తీసుకుని లోపలికెళ్లి టీ పెట్టాను. గ్లాసుల్లో పోశాక చూస్తే మూడున్నాయి.

నేను బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. మాస్టారికి చూపు తగ్గాక, చెబితే రాసిపెట్టే మనిషి కావాలంటే మా తెలుగు లెక్చరర్ దేవకుమారి మేడమ్ నన్ను పంపించారు. మొదటి రోజే ఆయన “దయ్యాలంటే భయమా?” అని అడిగారు. మేం చర్చికి వెళ్తామండీ, మాకు దయ్యాలు లేవన్నాను. “అయితే మా ఇంట్లో రెండు మూడున్నాయి, పట్టుకుపో” అన్నారు. ఒకసారి నేను సొంతంగా ఒక కథ రాసి చదివితే, అందులో ‘భయంకరమైన’ అన్న మాట ఆరుసార్లు వచ్చిందని లెక్కపెట్టారు. భయం అని రాస్తే భయం రాదమ్మాయ్, ఆ దయ్యం కాళ్లకి బురదుందో లేదో రాయి అన్నారు. ఆ రోజు నుంచే నాకు మాటల పిచ్చి పట్టుకుంది. చీకటికి ఎన్ని పేర్లున్నాయో నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఈ తొమ్మిది రోజులుగా ఆ పేజీ తీస్తే అక్షరాలు కనిపిస్తున్నాయి, అంతే.

మాస్టారు పోయిన వార్త పేపర్లో వచ్చినా మీరు ఎందుకు రాలేదని అడగడానికి రాయడం లేదు. అడిగే హక్కు నాకు లేదు. ఒక్క వాక్యం గురించి రాస్తున్నాను.

ఆయన మొదటి నవల మళ్లీ అచ్చవుతోంది. దానికి ముందుమాటగా ‘నేను చదివినవి, నేను రాసినవి’ అని మార్చి నెలలో నాకు చెప్పి రాయించారు. వరదలో గోదారి మధ్య లంక మునిగినప్పుడు ఒకే కొమ్మ మీద పామూ కోడీ పక్కపక్కన కూర్చోవడం చూశారట. తన నవలల్లోని వేరే లోకాలన్నీ ఆ కొమ్మ మీద పుట్టినవేనని చెప్పారు. ఎక్కువ భాగం మాత్రం అద్దె పుస్తకాల కొట్టు గురించి. చేతులు మారీ మారీ చివరి పేజీలు ఊడిపోయిన పుస్తకాలను కొట్టాయన పిల్లలకి ఊరికే ఇచ్చేవాడట. మీ ఇంటికి వచ్చినవన్నీ అవే. దయ్యం తలుపు తట్టేదాకా కథ ఉండేది, ఆ తర్వాత అట్ట. చిన్నప్పుడు మాస్టారు నిద్రపోకుండా ఏడిస్తే, రెండు రోజులకి మీరు తెల్లకాగితాల మీద ముగింపు తెచ్చి, స్నేహితురాలి ఇంట్లో పూర్తి పుస్తకం ఉంటే చూసి రాసుకొచ్చానని చెప్పేవారట.

ఆ ముగింపుల్లో దయ్యాలు చచ్చేవి కాదట. ఒక దయ్యం లోపలికొచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం పెట్టమని అడుగుతుంది. ఇంకొకటి తెల్లారే వరకూ గోదారి నుంచి నీళ్లు మోసి, నా పని అయిపోయిందమ్మా అని చెప్పి లాంచీ ఎక్కి వెళ్లిపోతుంది. ఆయన మొదటి నవల ముగింపు అదే. చదివిన వాళ్లంతా మెచ్చుకునేది ఆ అలసిపోయిన దయ్యాన్నే. నేను ఆ పేజీని మూడుసార్లు చేత్తో ఎత్తిరాసుకున్నాను.

ఇప్పుడు ప్రూఫులో ఉన్న వాక్యం ఇది: “మా అక్క పూర్తి పుస్తకం ఎక్కడో సంపాదించి, చివరి పేజీలు కాపీ చేసి తెచ్చేది.” ఇది సరైనదో కాదో మీరు చెప్పాలి. రేపు పది గంటలకి మెషీన్ ఎక్కించేస్తానని బుజ్జిబాబు గారు చెప్పి వెళ్లారు. మీ ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు. అడ్రసు మాత్రం మాస్టారి డైరీలో ఉంది. దేవకుమారి మేడమ్ మధ్యాహ్నం బస్సుకి కాకినాడ వస్తున్నారు. ఈ ఉత్తరం మీ చేతికే ఇస్తారు.

ఇంట్లో అన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. కళ్లజోడు కడిగి పెట్టాను. ఎందుకు కడిగానో తెలియదు.

మిమ్మల్ని ఒక్కసారి కూడా చూడకుండానే మీ చేతిరాతను ఊహించుకునే,
తబిత

తా.క. ఉత్తరం మడిచాక మళ్లీ విప్పాను. పైన అడిగిన ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. మాస్టారు చెప్పిన వాక్యం అది కాదు. ఆయన చెప్పింది: “ఆ చివరి పేజీలు మా అక్క సొంతంగా రాసింది. పెద్దయ్యాక ఒక పూర్తి పుస్తకం దొరికితే చూశాను, అందులో దయ్యాన్ని చంపే మేకులూ వేపమండలే ఉన్నాయి. నా మొదటి నవల ముగింపు రామతులసిది. అది తెలిసే నా పేరుతో అచ్చేయించుకున్నాను. నా దయ్యాన్ని అమ్ముకున్నావురా అని అక్క నలుగురిలో అడిగితే నవ్వేశాను. ఇరవై ఆరేళ్లుగా ఆమె నాతో మాట్లాడలేదు.”

సాఫు ప్రతి రాసేటప్పుడు నేనే మార్చాను. నాకంత ఇష్టమైన పేజీ ఆయనది కాదంటే ఒప్పుకోలేకపోయాను. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. చదివి వినిపించమంటే, కాగితంలో ఉన్నది కాకుండా ఆయన చెప్పిందే గుర్తుపెట్టుకుని చదివాను. ఆయన విని, బాగుంది అమ్మాయ్, అచ్చయ్యాక మొదటి కాపీ అక్కకి పంపుదాం, అప్పుడు వస్తుందేమో అన్నారు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పట్టుకుని నేనే చూపించాను.

ఆయన చెప్పగా రాసుకున్న చిత్తు నోటుబుక్కు నా దగ్గరే ఉంది. మీ దగ్గర్నుంచి కబురు వచ్చినా రాకపోయినా, రేపు ఉదయం ఎనిమిదింటికి ప్రెస్ తాళం తీసే వేళకి అది పట్టుకుని గుమ్మంలో నిలబడతాను. ముందు తప్పు నాదని బుజ్జిబాబు గారికి చెబుతాను. తర్వాత ఆయన చెప్పిన మాటలే మీ పేరుతో సహా పెట్టించి, ఆ పేజీ ప్రూఫు నా కళ్లముందు మళ్లీ తీసేదాకా అక్కడే కూర్చుంటాను.